జానెడు ఎడమకు

మెహర్ 28
ఈ మెహర్ నెలతో థీసిస్‌కి నాలుగో ఏడు. ఏడొందల ఏళ్ళ కిందట ఈ కోహందెజ్ ఊళ్ళోనే బతికిన అబుల్‌ఫజ్ల్ అనే గణితజ్ఞుడి మీద. పెద్ద మేనత్త ఎస్మత్ ఇంట్లో ఉంటున్నాను. అద్దె లేదు, మాటలు పడాలి. పిల్లా, ఆ చచ్చినవాడు నిన్ను పెళ్ళి చేసుకుంటాడా చెప్పు, లేకపోతే లేచి ఆకుకూర బాగుచెయ్యి అంది ఇవాళ. చేశాను.

మెహర్ 30
సూపర్‌వైజర్ డాక్టర్ సదూఖీ టీ పెట్టించి, పటికబెల్లం వేసుకోమని మూడుసార్లు బతిమాలి, ఆ తర్వాత పీక కోశాడు.

అబుల్‌ఫజ్ల్ చేసింది ఒక్కటే. పెద్ద మసీదులో అందరూ మొహం తిప్పి నమాజు చేసే ఖిబ్లా గోడ మక్కా వైపు లేదు, తొమ్మిదిన్నర డిగ్రీలు ఎడమకు తిరగాలి అని లెక్క కట్టి చెప్పాడు. అంటే మా తాతలంతా దారితప్పి నమాజు చేశారా అని జనం మీదపడ్డారు. ఖాజీ అతన్ని మసీదు మెట్ల మీద నిలబెట్టి తప్పయిందనిపించాడు. గోడ కదల్లేదు. అక్కడితో అతని ఊసు లేదు.

ఖానం, ఒక్కరంటే ఒక్కరు ఆ దిక్కుకు తిరిగారని చూపించండి, లేకపోతే ఇది చరిత్ర కాదు, హోంవర్కు అన్నాడు సదూఖీ. వచ్చే ఆబాన్ నెల ఇరవై ఆఖరు. దాటితే నా పేరు కొట్టేస్తారు.

ఆబాన్ 5
వక్ఫు పత్రాలు, ఖాజీ తీర్పులు, సమాధి రాళ్ళు. కళ్ళు మండుతున్నాయి.

ఆబాన్ 6
ఏమీ లేదు.

ఆబాన్ 9, మధ్యాహ్నం
అత్త కొడుకు ఫర్జాద్ వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, కొత్త ఫోను. యాప్‌లో ఖిబ్లా చూసి, అమ్మా నీ నమాజు తివాచీ వంకర అంటూ కొస పట్టుకుని కుడికి లాగాడు. ఒరేయ్, నీ ఫోను ఎప్పుడైనా మా అత్తగారి చేతి దెబ్బ తిన్నదా, నేను తిన్నాను అంది అత్త. తివాచీని వెనక్కి లాక్కుంది. కాళ్ళ వైపు మూల కుడిపక్క గోడకు తగిలించింది. తల వైపు మూలకీ గోడకీ మధ్య చెయ్యి చాపి జానెడు కొలిచింది.

దానిమ్మ గింజల గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ పేటలో ఇళ్ళన్నీ మసీదును చూసి కట్టినవే. ఈ గోడలన్నీ అది తిరిగిన వైపే తిరిగి ఉన్నాయి.

ఆబాన్ 9, సాయంత్రం
ఎవరు నేర్పారని అడిగాను. అత్తగారట. ఆవిడకు వాళ్ళ అత్తగారు. ఎందుకంటే, ఎందుకేమిటి, మసీదులో గోడకెదురుగా చేస్తాం, ఇంట్లో జానెడు ఎడమకు చేస్తాం, మగాళ్ళకు చెప్పం, చెబితే గొడవ పెట్టుకుంటారు అంది. పక్కింటి రుఖ్సారె ఖానం దగ్గరా అదే జానెడు. ఎదురింట్లో అదే. పదకొండు ఇళ్ళు తిరిగాను. తివాచీ పొడవు ఎక్కడైనా ఆరు జానలు. ఆరుకి ఒకటి. తొమ్మిదిన్నర డిగ్రీలు!

వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఉల్లిపాయలా అని అడిగింది అత్త.

ఆబాన్ 10
ఫర్జాద్ యాప్ అబద్ధం చెప్పలేదు. నిజంగా తిరగాల్సింది ఆరు డిగ్రీలే. మక్కా ఇక్కడికి పడమరగా ఎంత దూరమో, అబుల్‌ఫజ్ల్ ఎవరో యాత్రికుడి మాట నమ్మి తక్కువ వేసుకుని, ఎక్కువ ఎడమకు తిప్పాడు.

నాకు సాక్ష్యం ఆ తప్పే. వీళ్ళు అసలు దిక్కుకు తిరిగి ఉంటే, ఎవరో ఎలాగో తెలుసుకున్నారులే అని సదూఖీ కొట్టిపారేసేవాడు. వీళ్ళు తిరిగింది అతని తప్పుకి. అతను తప్ప ఇంకెవరూ చేయని తప్పుకి.

కానీ అది రాస్తే, అత్త అరవై ఏళ్ళుగా పక్కకు తిరిగి నమాజు చేస్తోందని రాసినట్టే. ఆవిడ ఫొటో కావాలి, పేరు కావాలి, సంతకం కావాలి. కారణం చెప్పకుండా తీసుకోవచ్చు. ఆవిడ చదవదు.

ఆబాన్ 14
చెప్పలేదు.

ఆబాన్ 17
వంకాయలు వేయిస్తుంటే చెప్పేశాను. అత్త అట్లకాడ పక్కన పెట్టింది. వంకాయ ఒక పక్క మాడింది.

అప్పుడు ఆ మనిషి వెంట ఎంతమంది నిలబడ్డారు అని అడిగింది. ఎవరూ లేరన్నాను. పెళ్ళాం కూడానా అంది. పెళ్ళాం సంగతి ఎక్కడా రాయలేదన్నాను. వాళ్ళ మొహాలు, వాళ్ళు రాస్తారా, మరి ఈ జానెడు ఎవరు పెట్టారనుకున్నావు, మా అత్తగారికి డిగ్రీలు తెలుసా అంది.

నాలుగేళ్ళలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

దేవుడికి ఏ పక్కనుంచైనా వినబడుతుంది పిల్లా, ఎవరూ లేనిది వీడికే, నేనిప్పుడు కుడికి జరగను, రాసుకో అంది. మాడిన పక్క నాకే వడ్డించింది. ఫొటోకి కొత్త చాదర్ తలమీదుగా కప్పుకుంది.

ఆబాన్ 20
ఇచ్చేశాను. సదూఖీ టీ సంగతి మర్చిపోయాడు.

ఆబాన్ 21
నా పరుపు కాళ్ళ వైపు గోడకు ఆని ఉంది, తల వైపు జానెడు దూరంలో ఉంది. నమాజు నాకు అలవాటు లేదు. జరిపింది మాత్రం నేనే.