ఇటుకల్లో థోరియం

అక్కా,

ముందే చెబుతున్నాను, ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న నీ మరిది తుక్కు లారీ తోలుకెళితే, ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర రేడియేషన్ అలారం మోగింది. ఆ సరుకంతా ఆయన తన చేతులతోనే ఎక్కించారు. కబురు తెలిసి పరుగెత్తుకెళ్ళిన నన్ను కూడా తన దగ్గరికి రానివ్వలేదు.

పరీక్షకు ప్రయోగశాల వాళ్ళు ఎవరిని పంపారనుకున్నావు? నీ కూతురినే. అది జెర్మేనియం డిటెక్టరును లారీ పక్కన నిలబెట్టి, "గేటు మీటరు ఏదో ఉందని మాత్రమే అరుస్తుంది పిన్నీ. అదేమిటో ఇది చెబుతుంది. ముందు ఈ యంత్రం బాగా చల్లబడాలి, అప్పుడే పనిచేస్తుంది" అంది.

తెరమీద గీతలు ఒక్కొక్కటే మొలిచాయి. నీ కూతురు వాటిని, తెలిసిన మనుషుల్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది. తుక్కు అడుగున పాత కొలిమి ఇటుకలు దొరికాయి.

"థోరియం. ఆ ఇటుకల మట్టిలోనే ఉంటుంది. కొలత కూడా తక్కువే. వీటిని వేరుగా పెట్టాలి గానీ, మోసినందుకు బాబాయికేం కాదు" అంది. అందరూ ఎడంగా నిలబడి చూస్తుండగా వెళ్ళి ఆయన చేయి పట్టుకుంది. ఆయన అక్కడే కూలబడి ఏడ్చేశారు.

ఆ ఉద్యోగం మానెయ్యమని దానికి నచ్చజెప్పమన్నావు. నావల్ల కాదక్కా. నువ్వూ చెప్పకు.

నీ చెల్లెలు