గుండె మీది పట్టీ

తెలిపారా, బిలాస్‌పూర్
మార్చి 2010

చిరంజీవి దిలీప్‌కు మీ అమ్మ అచ్చియమ్మ దీవించి రాయించేది. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నీ క్షేమం తెలియగోరుతున్నాం అని మొదలుపెట్టింది ప్రసూన. అందరం అంటే ఎవరమ్మా అని అడిగాను. కొట్టేసింది. ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను. క్షేమంగానే ఉన్నాను.

ప్రసూన అంటే మా మేడ మీద వాటాలోకి కొత్తగా దిగిన బ్యాంకు ఆఫీసరు భార్య. కరీంనగర్ పిల్ల. నేను చెప్పేది చదువుకున్నవాళ్ళ మాటల్లోకి మార్చి రాస్తోంది. మార్చుకోనీ, అర్థం చెడకపోతే చాలు. నువ్వు తెలుగు కూడబలుక్కుని చదువుతావు కదా, అందుకని అక్షరాలు పెద్దవిగా రాయమన్నాను. ఫోన్ చేస్తే ఎత్తవు. ఉత్తరమైతే చింపడానికైనా చేతిలోకి తీసుకుంటావు.

నీ ఉత్తరం ప్రసూన చదివి వినిపించింది. అడిగినవాటికి జవాబులు చెబుతున్నాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. మిగిలిన గుండె పట్టీలు నువ్విచ్చిన డబ్బాలోనే ఉన్నాయి, మీ నాన్న పోయాక మూత కూడా తియ్యలేదు. నూకరాజు చేత పార్శిల్ చేయిస్తాను. మీ నాన్న దగ్గర ఇంజనులో అసిస్టెంటుగా చేరినవాడు, తనూ డ్రైవరై రిటైరయ్యాడు, అయినా నాకు కూరగాయలు తెచ్చిపెట్టే డ్యూటీ మాత్రం ఇంకా దిగలేదు.

ఇక నువ్వడిగిన పెద్ద ప్రశ్న. నాన్న గుండె కొట్టుకుంటూ ఉండగానే పట్టీ ఎందుకు తీసేశావని అడిగావు. గుండె నడక రాసుకునే పెట్టెలో గీత ఆయన బతికుండగానే తెగిపోయిందని రాశావు. మడి, అంటు అంటూ తండ్రి ఆఖరి ఘడియను నీళ్ళలో కలిపేశానని రాశావు. సంవత్సరీకానికి రానని, నా మొహం చూడలేనని కూడా రాశావు. అక్కడికొచ్చేసరికి ప్రసూన గొంతు తగ్గించింది. గట్టిగా చదవమన్నాను.

చదువు రానిదాన్ని కాబట్టి నీ పని నాకు తెలియదనుకోకు. చాంపా నుంచి కోసా పట్టుకాయలు బస్తాలో వేసుకుని బెంగళూరులో నీ ల్యాబుకు పట్టుకెళ్ళావు. వాటిని ఉడకబెట్టి, వడకట్టి, ఆరబెట్టి, ఉల్లిపొర లాంటి పట్టీ చేశావు. దాని మీద కంటికి ఆనని బంగారు తీగ వంకర వంకరగా పరిచావు. తిన్నగా పరిస్తే ఒళ్ళు కదిలినప్పుడు తెగిపోతుంది, వంకరగా ఉంటే ఒంటితోపాటు సాగుతుంది అని, నా వంటింట్లో కత్తిపీట పక్కన కూర్చుని నువ్వే చెప్పావు. పనైపోయాక నీళ్ళు తగిలితే కరిగిపోతుందనీ, మట్టిలో పడితే మట్టిలో కలిసిపోతుందనీ చెప్పావు. నేను ఉల్లిపాయలు తరుగుతూ అంతా విన్నాను.

ఆ పట్టీ తెచ్చి తండ్రి గుండె మీద అతికించావు. ల్యాబులో పెద్దలకు చెప్పకుండా తెచ్చావని నీ మొహం చూసే పోల్చుకున్నాను. మీ నాన్న మురిసిపోయాడు. లోకో షెడ్డు దగ్గరికి వెళ్ళి, చొక్కా విప్పి పాత జతగాళ్ళకు చూపించి, మా ఓడు నా గుండెకి కోసా బట్ట కట్టీసినాడు అని గొప్పలు చెప్పుకుని వచ్చేవాడు. మన ఎండలు నీ ఏసీ గదికి ఏం తెలుసు! చెమటకు అంచులు కరిగిపోయేవి. పాతది తుడిచి, ఆరనిచ్చి, కొత్తది అతికించింది ఈ చేతులే. అంటనుకునేదాన్నయితే మొదటిరోజే ముట్టేదాన్ని కాదు.

నడుముకు కట్టిన అగ్గిపెట్టంత పెట్టెలో గుండె నడక అంతా రాసుకుంటుందనీ, నువ్వొచ్చినప్పుడు దాన్ని కంప్యూటరులో గీతలా చూస్తావనీ చెప్పావు. అది రాసుకునేదే తప్ప డాక్టరును పిలిచేది కాదు. పట్టీ ఉంటే ప్రాణం నిలిచేదని నువ్వూ అనలేవు.

ఇప్పుడొక సంగతి విను. నీ చిన్నప్పటిది, నీకు చెప్పలేదు. మీ నాన్న గూడ్సు నడుపుతుండగా, అకల్తరా దాటాక, కట్టెల మోపుతో ఒకావిడ పట్టాల మీదికి వచ్చింది. బ్రేకు వేశాడు. బొగ్గు నింపుకున్న బండి అంత తొందరగా ఆగుతుందా? ఎంక్వయిరీ పెట్టారు. ఇంజను ఎంత స్పీడులో పోతోందో అదే కాగితం మీద గీసుకుంటుంది కదా. ఆ కాగితం బల్ల మీద పరిచి సాహెబులు వేలు పెట్టి చూపించారట. ఇక్కడ బ్రేకు వేశావు, ఇక్కడ ఆగింది, నీ తప్పేమీ లేదు అని మళ్ళీ డ్యూటీకి పంపారు.

తప్పు లేదన్నారు గానీ ఆ గీత ఆయన కళ్ళలోంచి పోలేదు. అన్నం తిని కంచంలో చెయ్యి కడుక్కున్నాక, ఆ నీళ్ళలో వేలితో గీసేవాడు. తిన్నగా వచ్చి, వచ్చి, కిందికి పడిపోయేది. నేను కంచం లాగేసుకునేదాన్ని. రిటైరయ్యాక కూడా గీశాడు.

ఆ రోజు మధ్యాహ్నం నొప్పి మొదలవగానే నూకరాజు ఆటో కోసం పరిగెత్తాడు. మీ నాన్న మంచం మీద ఒరిగి చెంబు చూపించాడు. తాగడానికనుకుని నోటి దగ్గర పెట్టాను. తల అడ్డంగా తిప్పి, గుండె మీద చెయ్యి వేశాడు.

"ఇది తీసీయే."

"ఏటి తీసీది? ఆడు ఉంచమన్నాడు కదా."

"ఆడు సూస్తాడే. గీత పడిపోయిన కాడే సూస్తాడు. మల్లీ మల్లీ సూస్తాడు. నాను సూడనేదా?"

చెంబులో నీళ్ళు పోసి వేళ్ళతో రుద్దాను. జిగురుగా కరిగి చేతికొచ్చింది. అప్పుడు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆడికి సెప్పకు. మడి కోసం తీసీసినానని సెప్పీ. తిడతాడు, పడు."

కొంచెం నవ్వాడు కూడా. అచ్ఛా అన్నాను. ఆయనతో నేనన్న ఆఖరి మాట అదే.

పడమన్నాడు, పడ్డాను. మర్నాడు నువ్వొచ్చి, తండ్రి ఒట్టి ఛాతీ చూసి, కాలనీ అందరి ముందూ నన్ను అడిగావు. మడి అని చెప్పాను. మూర్ఖురాలివన్నావు. తల వంచుకున్నాను. ఎవరి ముందూ వంచని తల. ఇంకో పదేళ్ళయినా పడేదాన్ని. కానీ నా మీది కోపంతో తండ్రికి పిండం పెట్టనన్నావు చూడు, అక్కడ నా ఓపిక అయిపోయింది. ఆయనకిచ్చిన మాట తప్పుతున్నాను. ఆయనతో తర్వాత నేను తేల్చుకుంటాను, మధ్యలో నువ్వు రాకు.

ప్రసూన ఏడుస్తోంది. కాగితం తడవకుండా పక్కన పెట్టి ఏడవమన్నాను.

ఒరే బాబూ, నీ పెట్టెలో గీత తెగిపోయింది, నిజమే. పడిపోవడం మాత్రం అందులో లేదు. ఎన్నిసార్లు తెరిచి చూసినా నీ దగ్గర మీ నాన్న గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఆయన కోరింది అదే. పట్టీ పోయాక ఆ చోటు మీదే నా తడి చెయ్యి ఉంచాను, తియ్యలేదు. నూకరాజు ఆటో వాకిట్లో ఆగేసరికి చెయ్యి కింద ఏమీ లేదు. ఎలా ఆగిందో నాకు తెలుసు. నువ్వడిగినా చెప్పను.

వచ్చి తద్దినం పెట్టు. ఆ తర్వాత ఎదురుగా కూర్చుని ఎంత కావాలంటే అంత తిట్టు.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
అచ్చియమ్మ వేలిముద్ర