పిడికిట్లో ఉప్పు

ఏమండీ,

మీరుంటే ఈ సంగతి మీకు చెప్పేదాన్ని కాదు. నాకంటే ముందు మీకే బీపీ పెరిగేది. ఇప్పుడా భయం లేదు కనుక రాస్తున్నాను.

డయాలసిస్‌లో రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు ఇస్తున్నా అది తగ్గిపోతూనే ఉంది. మన ఇంటి మెట్లెక్కినా ఆయాసం. ఇంట్లో పిల్లలెవరికైనా బుగ్గలు ఎర్రబడ్డాయా అని ఇవాళ డాక్టరమ్మ అడిగింది.

మొన్నామధ్య మన మనవరాలు చిన్నికి జ్వరం తగ్గాక చెంపదెబ్బ తిన్నట్టు బుగ్గలు కందాయి. గుఢియారీ బజారులో ఎవరి కళ్ళో పడ్డాయనుకుని, ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉప్పుతో దిష్టి తీశాను. అది పార్వో వైరస్ కావచ్చట. పిల్లలకు ఇట్టే తగ్గిపోతుందట, నాబోటి వాళ్ళకు కొత్త రక్తం పుట్టనివ్వదట. నా రక్తం పరీక్షకు పంపారు. రిపోర్టు ఇంకా రాలేదు.

బుగ్గలు కందేసరికే అంటుకోవడం అయిపోతుందని, ఇప్పుడు పిల్లను దూరం పెట్టి లాభం లేదని డాక్టరమ్మ చెప్పింది. అబ్బాయి వింటేగా! "నాన్నమ్మ దగ్గరికి నై జానా బేటా, దూర్ నుంచే మాట్లాడు" అని తన హిందీ కలిసిన తెలుగులో చెప్పి, దాన్ని గుమ్మంలోనే ఆపేశాడు.

సాయంత్రం చిన్ని వంటింట్లోంచి పిడికెడు ఉప్పు తెచ్చుకుంది. గుమ్మంలోనే నిలబడి, నా వైపు చెయ్యి చాచి గాల్లో తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..." అంటూ ఆగిపోయింది.

"నాన్నమ్మా, నా దిష్టి కూడా బోల్నా క్యా, చెప్పాలా?"

మీరైతే ఏదో ఒకటి చెప్పి నవ్వించేవారు. "రావే తల్లీ, ఇక్కడికొచ్చి తియ్యి" అన్నాను నేను. అది కదల్లేదు. పక్కనే నిలబడ్డ వాళ్ళ నాన్న ముఖంలోకే చూస్తోంది. పిడికిట్లోంచి ఉప్పు జారిపోతోంది.