గనివాడి ఇంటి దీపం

కీలుంగ్,
శుక్రవారం

చెల్లి యూ-లాన్‌కి,

ఫోనులో చెబితే నీకు సగం వినపడదు, వినపడిన సగాన్ని ఊరంతా వినేలా తిరిగి అడుగుతావు. అందుకే ఈ ఉత్తరం. నవ్వకుండా చదువు. మా వీధి చివర మంగలి దుకాణం నడిపి మానేసిన ఛియు నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. "ఈ వయసులోనా!" అనకు, ఆ మాట నేనే అనేశాను.

మనిషి మంచివాడే. కానీ వట్టి పిరికిపంద! బల్లి పడితే కుర్చీ ఎక్కుతాడు. మీ బావ ఎలాంటివాడో నీకు తెలుసుగా. బంగారు గనిలో ముప్ఫై ఏళ్ళు మందు కూరి కొండను పేల్చినవాడు. ఒక్కసారి కొండెక్కి గని చూస్తానంటే, "ఆడగాలి సోకితే కొండదేవుడు ఊరుకోడే! నలుగురి ప్రాణాలు తీస్తావా?" అని గుడ్లురిమేవాడు. గనివాడి ఇంట్లో దీపం ఆరకూడదని రాత్రి పడుకున్నా ఆర్పనిచ్చేవాడు కాదు. నా పాదం అంత అరిష్టమా అని నేను లోలోపలే కుమిలిపోయేదాన్ని. ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా.

ఎంతైనా ఆయన్ని అడగాలి కదా అని, పోయినవాళ్ళ మాట తెలుసుకునే జంట చెక్కలు ఆయన పటం ముందు వేశాను. ఒకటే బోర్లా పడితే సరేనన్నట్టు, రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు, రెండూ వెల్లకిలా పడితే నవ్వినట్టు. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే ఆయన నవ్వుతున్నాడు! ఛియుని చూసే నవ్వుంటాడు.

అందుకని ఆదివారం ఇద్దరం మీ బావ పనిచేసిన జింగ్వాషీ కొండకి వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాం. గని మూతపడింది కదా, ఇప్పుడు టిక్కెట్టు కొంటే ఎవరినైనా సొరంగంలోకి పంపుతున్నారట. నా చెయ్యి పట్టుకోకుండా చివరిదాకా నడిస్తే సరే. లేదంటే, సింహంతో కాపురం చేసినదాన్ని, ఎలుకతో చెయ్యలేను.

నీ అక్క,
యూ-ఝెన్


సోమవారం

చెల్లీ,

ముందు ఏదైనా తిని, కూర్చుని చదువు.

బస్సు దిగగానే వాన. మెట్లెక్కి సొరంగం దగ్గరికి వెళితే తలకి టోపీలు ఇచ్చారు. గుమ్మం దగ్గర ఛియు ఆగిపోయాడు. "యూ-ఝెన్ గారూ, దాచడం దేనికి, నాకు చచ్చేంత భయంగా ఉందండీ. అయినా మీరు లోపలుంటే నేను బయట నిలబడలేను," అన్నాడు. పది అడుగులు వేశాడో లేదో నా చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. లోపల గనివాళ్ళ బొమ్మలు పెట్టారు. ఒకటి ఉన్నట్టుండి, "ఒరేయ్ జరుగు, పేలుతుంది!" అని అరిచింది. ఛియు గోడకి అతుక్కుపోయి దానికి దండం పెట్టాడు. "తప్పయిపోయిందన్నా, ఈవిడ వెనకే పోతాను!" వెనకొచ్చే పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చాను. పెళ్ళి మాట అక్కడే పూడ్చేశాను. కొండదేవుడు మాత్రం కిక్కురుమనలేదు.

బయటికొచ్చి గనివాళ్ళ అన్నం డబ్బాలు అమ్మే కొట్లో కూర్చున్నాం. కొట్టు ముసలమ్మ ఛాయ్-ఫెంగ్ ఒకప్పుడు గని బయట బంగారమున్న రాళ్ళు ఏరేదట. ఊరుకోక గొప్పలకి పోయాను. "మా ఆయన లిన్ తియెన్-ఫా ఇక్కడ కొండ పేల్చేవాడు," అన్నాను. ఆవిడ గరిటె వదిలేసింది.

"తియెన్-ఫానా! మా పక్కనే పీటేసుకుని ముప్ఫై ఏళ్ళూ రాళ్ళు ఏరాడమ్మా! లోపలికెళ్ళింది ఒక్కరోజే. దీపం ఆరిపోతే 'అమ్మా' అని అరిచిన అరుపుకి జనమంతా పరిగెత్తుకొచ్చారు. మేస్త్రీ తెచ్చి మా ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టాడు. పాపం, మంచివాడు. నా పిల్లాడికి జోల కూడా పాడేవాడు."

"మరి నన్నెందుకు రానివ్వలేదు?"

"ఎలా రానిస్తాడే పిచ్చిదానా? వస్తే చూసేస్తావుగా!"

కోపమొచ్చింది, నవ్వొచ్చింది, చివరికి ఏడుపే గెలిచింది. నా పాదంలో ఏ అరిష్టమూ లేదు చెల్లీ. దీపం కూడా ఆయన భయానికే! చెప్పి ఉంటే నేనే చెయ్యి పట్టుకునేదాన్ని కదా. ఛియు గారు తన డబ్బాలోని మాంసం ముక్క తీసి నా అన్నం మీద పెట్టారు.

ఇంటికొచ్చి చెక్కలు తీశాను. "ఇన్నాళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేశావా?" ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా. మొదటిసారికే ఒప్పుకున్నాడు! మొన్న మూడుసార్లు నవ్వింది ఛియు గారిని చూసి కాదు, నన్ను చూసి.

పెళ్ళి సంగతి మాత్రం ఆయన్ని మళ్ళీ అడగలేదు. ఆయన చెప్పిందల్లా నమ్మే రోజులు పోయాయి. వచ్చే నెల రిజిస్ట్రీ ఆఫీసుకి వెళ్తున్నాం, సాక్షి సంతకానికి నువ్వు రావాలి. నేను సరేననగానే ఛియు గారు మొహమాటపడుతూ, రాత్రిళ్ళు పడకగదిలో దీపం ఉంచుకోవచ్చా అని అడిగారు.

"ఉంచుకోండి, నాకు అలవాటే," అన్నాను.

నీ అక్క,
యూ-ఝెన్