యాభై నాలుగు కిలోల బాపు

బీట్ బజార్, వరంగల్
బుధవారం

పూజ్యులు, బెల్లం వర్తకులు, రేపటి సింగపూర్ ప్రయాణికులు అయిన మా బాపు సదానందం గారి పాదాలకు,

ముందుగా క్షమాపణలు. ఈ సూట్‌కేసు సర్దడంలో జరిగిన సకల అపరాధాలకూ, నీ లుంగీల మధ్య సన్నబియ్యం దొరికినందుకూ, నీ రిపోర్టుల ఫైలు చింతపండు వాసన కొడుతున్నందుకూ నేనొక్కడినే బాధ్యుడినని శిరసు వంచి ఒప్పుకుంటున్నాను. వీటిలో ఒక్కటీ నేను చేయలేదన్నది వేరే సంగతి. మన ఇంట్లో ఏం జరిగినా చివరికి "మల్లిగాడే" అంటారు కాబట్టి, ముందే ఒప్పుకుంటే అందరికీ టైం కలిసొస్తుంది.

అసలు జరిగింది విను. అక్కడి దవాఖాన వాళ్ళు తెచ్చుకోమని రాసినవి తొమ్మిదే వస్తువులు. పాత రిపోర్టులు, స్కాన్లు, మందులు, వదులు బట్టలు, అలాంటివి. నేను బుద్ధిమంతుడిలా ఆ తొమ్మిదీ సర్ది, జిప్పు వేసి, చాయ్ తాగడానికి పోయాను. తిరిగొచ్చేసరికి జిప్పు మూతపడట్లేదు. అమ్మ మూడు కిలోల సన్నబియ్యం కూరింది. "అక్కడ బియ్యం దొరుకుతయ్ అమ్మా" అన్నాను. "దొరుకుతయ్. అరుగుతయా?" అంది. కాలేయం ఆపరేషన్‌కు పోయే మనిషికి సోమక్క అత్త పచ్చిపులుసు కోసమని చింతపండు తెచ్చింది. తీసేస్తే ఏడ్చింది. సరే అని పెడితే, "మా అన్నకు గింతేనారా?" అని మళ్ళీ ఏడ్చింది.

పక్క దుకాణం కిషన్ రావు మామ ఒకప్పుడు ఐదు రోజులు సింగపూర్ టూరు పోయొచ్చాడు కదా, ఇప్పుడు మన ఇంటికి విదేశాంగ మంత్రి ఆయనే. "ఆడ రోడ్డు మీద ఉమ్మితే పట్టుకపోతరు, మీ బాపుకు జర చెప్పు" అని రోజుకు మూడుసార్లు వచ్చి చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ మన మెట్ల పక్కన ఉమ్మి పోయాడు.

వీళ్ళందరినీ మించిన ఘనుడివి నువ్వు. సూట్‌కేసును దుకాణం కాంటా మీదికి ఆరుసార్లు ఎక్కించావు. చాలదన్నట్టు, సర్కారు ముద్ర ఉన్న కిలో రాయిని తువ్వాలలో చుట్టి తెచ్చావు. "ఇది గూడ పెట్టురా. ఆడి కాంటాలు సక్కగున్నయో లేవో చూడాలె." వైద్యానికి పోతూ తూకంరాయి వెంట తీసుకెళ్ళిన పేషెంటు లోకంలో ఇంకొకడు ఉండడు బాపూ. తోడు వచ్చే పద్మలత అక్క నెత్తి కొట్టుకుంది. "నాకు దొరికిన అటెండెంటు డ్యూటీ ఇదా? తియ్ రా దాన్ని" అంది. ఎవరు తీస్తారు? నలభై ఏండ్లు గల్లా దగ్గర కూచుని ఒక్క పావు తక్కువ తూచని మనిషి ఎదురుగా నిలబడి చూస్తుంటే?

ఆ తూకమే కదా నిన్ను పట్టుకుంది. పదిహేను రోజుల కింద హన్మకొండ దవాఖానలో నిన్ను తూచి నలభై తొమ్మిది అన్నారు. నీ దోస్తు కట్టయ్య మామ నలభై తొమ్మిదికి దిగిన వారానికే పోయాడు. ఆ రోజు నువ్వు అన్నం ముట్టలేదు. తెల్లారి లేచి తీర్పు చెప్పావు. "ఆ దవాఖాన కాంటాకు ముద్ర లేదు. మన కాంటా మీద కూసుంట. యాభై మీదుంటే పోత. లోపలుంటే టికెట్లు క్యాన్సిల్ జెయ్యుండ్రి, నేను ఈన్నే ఉంట."

ఎలాగూ అమ్మ మేడారంలో నీ ఎత్తు బంగారం మొక్కింది. అక్కడ బెల్లమే బంగారం కావడం మనలాంటి దుకాణపోళ్ళకు సమ్మక్క సారలమ్మలు చేసిన ఉపకారం. కాంటా మనది, బెల్లం మనది, తూగేవాడు సాక్షాత్తూ యజమాని. తువ్వాల పరిచి ఎక్కి కూచున్నావు. తూలి పడతావేమోనని నేను వెనక నిలబడి భుజాలు పట్టుకున్నాను. అంకెలు యాభై మూడున్నర నుంచి యాభై నాలుగుంబావుకు, అక్కణ్ణుంచి మళ్ళీ కిందికి పరుగెత్తాయి.

"ఎందుకు ఆడుతాందిరా అది?"

"నువ్వు కదలకు బాపు!"

"నేనేడ కదుల్తాన్నరా?"

చివరికి యాభై నాలుగు మీద నిలిచింది. నువ్వు గట్టిగా ఊపిరి వదిలి, "చూసినవా? మన కాంటా అబద్ధం చెప్పది" అన్నావు. ఆ పూట మారు అన్నం పెట్టించుకున్నావు. యాభై నాలుగు కిలోల బెల్లం వ్యాన్‌లో వేసుకుని మేడారం పోయాం. గద్దెల దగ్గర నువ్వు చాన్నాళ్ళకు నవ్వావు. నాకు కళ్ళలో పసుపు పడిందని చెప్పాను.

ఇప్పుడు సంగతికొస్తాను. అక్కడ దవాఖానలో చేరగానే నిన్ను తూస్తారు. నువ్వు ఊరుకోవు. ముందు కిలో రాయి పెట్టి చూస్తావు, సరిగ్గా కిలో చూపిస్తుంది. అప్పుడు నువ్వు ఎక్కుతావు, నలభై తొమ్మిది చూపిస్తుంది. ఈ కొద్ది రోజుల్లోనే ఐదు కిలోలు కరిగిపోయానని, కట్టయ్య మామను తలుచుకుని, వాపసు వస్తానని కూచుంటావు. అందుకే ఈ ఉత్తరాన్ని ఆ రాయికే చుట్టి పెడుతున్నాను. దాన్ని విప్పకుండా నువ్వు ఏ కాంటా ఎక్కవని నాకు తెలుసు.

ఫికర్ చేయకు బాపూ. నువ్వేం కరిగిపోలేదు. వాళ్ళకు పంపిన కాగితాల్లో మొదటి నుంచీ నలభై తొమ్మిదే ఉంది. ఆ నలభై తొమ్మిదిని చూసే, ఆపరేషన్ చేస్తాం రమ్మన్నారు. అక్కకు తెలుసు. అమ్మకు తెలియదు. మేడారం అమ్మలకు మాత్రం నీ ఎత్తు కంటే ఐదు కిలోలు ఎక్కువే ముట్టింది. ఆ ఐదూ ఒంటి మీద వేసుకుని రా, మొక్కు సరిపోతుంది.

వాళ్ళ కాంటా సక్కగానే ఉంటుంది. మన కాంటా కూడా అబద్ధం చెప్పలేదు, దాన్నేం అనకు. సూట్‌కేసులో బియ్యం అమ్మది, చింతపండు అత్తది, రాయి నీది. నేను చేసింది ఒక్కటే. ఆ రోజు నీ భుజాలు పట్టుకుని నిలబడ్డప్పుడు, నా ఎడమ కాలు కాంటా మీద ఉంది.

ఇట్లు,
నువ్వొచ్చి చెవి మెలిపెట్టేదాకా గల్లా దగ్గరే కూచునే నీ కొడుకు,
మల్లికార్జున్