పెన్సిల్ లేనివన్నీ మార్చాను

జూన్ 2

మావయ్య ఆంప్లిఫయర్ మళ్లీ నా బెంచీ ఎక్కింది. మెట్ల మీంచి మోసుకొచ్చేసరికి నడుం పట్టేసింది. ఈ వయసులో ఒక్కరే ఎత్తడం ఏమిటి, మూల పడ్డాక చాకిరీ నేనేగా చెయ్యాలి అని మా ఆవిడ అందుకుంది.

కంప్లయింట్ ఇది. ఆన్ చేసిన అరగంటకి ఎడమవైపు పెద్ద ట్యూబులో ప్లేటు ఎర్రగా కాలుతోంది. పొయ్యిలో మరిచిపోయిన గరిటెలా. అలాగే వదిలేస్తే ట్యూబ్ పోతుంది, దాని వెనకే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

డాక్టర్ చెప్పింది కూడా రాసిపెట్టుకోవాలి. మావయ్య ఊపిరితిత్తులు ఇక బాగుపడవట. మూడు వారాలు, మహా అయితే నాలుగు. కళ్లు ఎప్పుడో పోయాయి, మిగిలినవి చెవులే. ఆయన అడిగింది ఒక్కటే. తన చేత్తో చేసిన ఆంప్లిఫయర్ మీద తనకిష్టమైన వయొలిన్ రికార్డు రెండు వైపులా, పూర్తిగా వినాలట. చేసిపెడతానని మాటిచ్చాను. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పనే. ఆమాత్రం చెయ్యలేనా.

జూన్ 3

ఎడమ ట్యూబ్ కుడివైపు, కుడిది ఎడమవైపు పెట్టి చూశాను. మళ్లీ ఎడమవైపే ఎర్రబడింది. అంటే ట్యూబులు మంచివే. రోగం కింద చాసిస్‌లో, ఆ రేకు పెట్టె అడుగున ఉంది.

తిరగేశాను. కింద అంతా పెన్సిల్ రాతలే. నేను పని నేర్చుకున్న మావయ్య షాపులో రూలు అది. ఏ పార్టు మార్చినా దాని పక్కన తేదీ వేసి, మన పేరు మొదటి అక్షరం పెట్టాలి. మార్చకుండా రాసినవాడి చెయ్యి విరగ్గొడతాననేవారు. పెన్సిల్ ఉంటే ఇక దాని జోలికి వెళ్లనక్కర్లేదు, టైం కలిసొస్తుంది.

అన్నిటికంటే పాత రాత స్పీకరుకి సౌండు పంపే ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉంది. మావయ్యది. దాన్ని ఆయన వంటింట్లో కూర్చుని చుట్టారు. మూడువేల చుట్లు తీగ, పైన వార్నిష్ పూత. అత్తయ్య పక్కన కూర్చుని లెక్కపెట్టేదట. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మొగుడూ పెళ్లాం కలిసి తిట్టేవారట.

నాలుగు కెపాసిటర్ల పక్కన నా పెన్సిల్ ఉంది, పదకొండేళ్ల నాటి తేదీతో. వాటిని వదిలేశాను.

జూన్ 5

ఎడమవైపు రెసిస్టర్లన్నీ మార్చాను. అరగంట. ఎరుపు.

జూన్ 6

సాకెట్ మార్చాను. ముప్ఫై ఐదు నిమిషాలదాకా ఎర్రబడలేదు. ఎంతసేపు ఆడిందని మావయ్య పక్క గదిలోంచి అడిగారు. చెప్పాను. పర్లేదు, దారిలో పడ్డావన్నారు. దారీ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇవాళ చల్లగా ఉంది, అంతే.

జూన్ 8, సాయంత్రం

మా తోడల్లుడు వచ్చాడు. నిమ్మకాయంత స్పీకరు ఒకటి తెచ్చి మావయ్య దిండు పక్కన పెట్టాడు. ఆ వయొలినే ఫోన్లోంచి వినిపించాడు. ఇంత చిన్నదానికి ఎంత సౌండో చూడండి మావయ్యా అన్నాడు. మావయ్య కాసేపు విని, బాగుంది నాయనా, దోమలమందు ఏమైనా ఉందా అని అడిగారు.

మా ఆవిడ నవ్వింది. వారంలో ఇదే మొదటిసారి.

జూన్ 9

మావయ్య మంచం మీంచే కేసు విచారించారు. ఒక్కో పార్టూ పేరుపేరునా అడిగారు. సాకెట్? మార్చాను. రెసిస్టర్లు? మార్చాను. కరెంటు ఎక్కువొస్తోందా? లేదు, చూశాను. కెపాసిటర్లు? అవి నేను మార్చినవేనండీ, పెన్సిల్ ఉంది అన్నాను.

అయితే సరే, నీ పెన్సిల్ ఉంటే నాకు మీటరు అక్కర్లేదు అన్నారు.

పొంగిపోయాను. రాసుకోవడానికి సిగ్గేం, పొంగిపోయాను.

జూన్ 12

పెన్సిల్ లేనివన్నీ మార్చాను. ఇక మార్చడానికి ఏమీ లేదు. ఎరుపు మాత్రం ఉంది.

డాక్టర్ వచ్చి ఆక్సిజన్ పెంచాడు. వారాల లెక్క మానేసి రోజుల్లో మాట్లాడుతున్నాడు.

జూన్ 13, మధ్యాహ్నం

నా తలకాయ. నా వెధవ తలకాయ.

పొద్దున ఆంప్లిఫయర్ మావయ్య గదిలోకి మార్చాను. దాని మీదికి టేబుల్ ఫ్యాను తిప్పాను. ఒక వైపు ఇరవై రెండు నిమిషాలు. అది అయ్యాక ఆపి, చల్లారాక రెండోది వెయ్యాలని నా ప్లాను. మొదటి వైపు ఆడుతుంటే మావయ్య వేళ్లు దుప్పటి మీద కదులుతూనే ఉన్నాయి. మా ఆవిడ ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. చాలా బాగుంది. ఆ ఇరవై రెండు నిమిషాలూ చాలా బాగుంది.

ఆపబోతే మావయ్య వద్దన్నారు. ఇప్పుడే వేడెక్కి గొంతు విప్పింది, ఆపితే మళ్లీ నేనుంటానో ఉండనో అన్నారు. ఆ మాట అన్నాక ఎవడు ఆపగలడు. రికార్డు తిప్పి వేశాను. ప్లేటు ఎర్రబడటం చూస్తూనే ఉన్నాను. ఇంకో పది నిమిషాలేగా అనుకున్నాను.

వాసన ముందు ఆయనకే తెలిసింది. తల ఎత్తి, నా వార్నిష్ అన్నారు. ఆ తర్వాత పొగ. ప్లగ్ పీకేశాను. రికార్డు తిరుగుతూనే ఉంది, సౌండు లేదు.

జూన్ 14

ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. లోపల తీగ తెగింది. అలాంటిది చుట్టే చేతులు ఇప్పుడు ఎవరికీ లేవు, నాకూ లేవు.

తప్పు తనదేనంటున్నారు మావయ్య. చుట్టిన వారమంతా వానట. వార్నిష్ ఆరలేదు, ఇంకో రెండు రోజులు ఆగమని అత్తయ్య చెప్పినా వినలేదట. చుట్టడం చాతకానివాణ్ణి నలభై ఏళ్లు గొప్పలు చెప్పుకున్నాను అన్నారు. గోడవైపు తిరిగి పడుకున్నారు. జావ వద్దన్నారు.

జూన్ 15

ఆయన చుట్టిన చుట్టులో లోపం లేదని చూపించాలనుకున్నాను. అందుకే మళ్లీ తిరగేశాను.

స్పీకరు వైపు ట్రాన్స్‌ఫార్మర్ పోయినా మిగతా సర్క్యూట్‌కి కరెంటు వస్తుంది. ఎడమ ట్యూబ్ పీకేసి, అరగంట వేడెక్కనిచ్చి, దాని సాకెట్లో మీటరు పెట్టాను. సున్నా ఉండాల్సిన చోట ఇరవై నాలుగు వోల్టులు. ట్యూబే లేదు. అక్కడికి కరెంటు రావడానికి ఒకటే తోవ, కెపాసిటర్ లీకవ్వాలి. ఆ లీకే ప్లేటుని కాల్చింది. మొదటి రోజు చెయ్యాల్సిన టెస్టు ఇది. ఐదు నిమిషాల పని. పెన్సిల్ ఉందని చెయ్యలేదు.

నాలుగు కెపాసిటర్లకీ పసుపు తొడుగులున్నాయి. ఆ ఒక్కదాని తొడుగు బ్లేడుతో కోశాను. లోపల పాతదే. గోధుమరంగుది, మైనం కారిపోయినది.

అప్పుడు గుర్తొచ్చింది. పదకొండేళ్ల కిందట డబ్బాలో కొత్తవి నాలుగే ఉన్నాయి. నాలుగోదాని కాలు నా చేతిలో విరిగింది. మావయ్యకి అప్పట్లో చూపు ఉంది. కాళ్లు వంచడం కూడా రాదా అంటారని భయమేసింది. పాతదే మళ్లీ అతికి, మిగతావాటిలాగే కనబడాలని తొడుగు తొడిగాను. తేదీ వేశాను. అక్షరం పెట్టాను. సరుకు రాగానే మార్చేద్దాంలే అనుకున్నాను. సరుకు వచ్చింది. మరిచిపోయాను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగే పోలీసై రెండు వారాలు వెతికాడు.

జూన్ 16

చెప్పాలని వెళ్లాను. మంచం పక్కన కూర్చున్నాను. నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు, నీ పని మీద నాకు అనుమానం లేదు అన్నారు. దిండు సర్ది వచ్చేశాను.

జూన్ 17

నాన్న మూడు రోజులుగా ఏమీ తినలేదు అంది మా ఆవిడ. ఆయన తప్పేం లేదని ఏదో ఒకటి చెప్పండి, అబద్ధమైనా పర్లేదు, మీరు చెబితే నమ్ముతారు అని బతిమాలింది.

అబద్ధం అక్కర్లేదు, నిజమే ఉంది అని నోటిదాకా వచ్చింది. రేపు పొద్దున చెబుతానన్నాను.

జూన్ 18, ఉదయం 7

తెల్లవారుజాము నుంచి పిలిస్తే పలకడం లేదు. చెవి దగ్గర వంగి చెప్పాను. మీరు చుట్టింది బంగారం మావయ్యా, కెపాసిటర్ నేనే మార్చలేదు, మార్చినట్టు రాశాను అని మూడుసార్లు చెప్పాను. ఊపిరి తప్ప ఏమీ లేదు.

వెనక్కి తిరిగితే తలుపు దగ్గర మా ఆవిడ తడిగుడ్డతో నిలబడి ఉంది. గుడ్డ కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయింది.

జూన్ 18, 11:40

పోయారు.

జూన్ 30

మా ఆవిడ అన్నం పెడుతోంది. మాట్లాడటం లేదు.

ఇవాళ చాసిస్ తిరగేశాను. పాత తేదీ చెరపలేదు. దాని పక్కనే పెన్సిల్‌తో ఇవాళ్టి తేదీ వేశాను. మార్చలేదు అని రాశాను. నా అక్షరం పెట్టాను.