వీర్రాజు వస్తాదు ఓడిన కుస్తీ

మాఘ బహుళ విదియ, ఆదివారం
రాజమహేంద్రవరం

ఈ రోజు గోదాలో వీర్రాజు వస్తాదు ఓడిపోయాడు. జమీందారు గారు తెప్పించిన కొత్త మల్లుడు ఎడమవైపు నుంచి వచ్చి కాలు పట్టి లాగితే, వీర్రాజు కదలకుండా నిలబడి అలాగే వెల్లకిలా పడ్డాడు. ఆ పట్టు విడిపించుకోవడం కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కూడా వచ్చు. జనం అమ్ముడుపోయాడని తిడుతూ మట్టి విసిరారు. నేనూ అలాగే అనుకున్నాను. అతని కుస్తీ ఒక్కటీ మానకుండా చూసినవాణ్ణి, కడుపు మండిపోయింది.

సాయంత్రం అడిగేద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. ఎడమపక్కన వెళ్ళి నిలబడినా తల తిప్పలేదు. పలకరిస్తే ఉలిక్కిపడ్డాడు.

"ఈ కన్ను పోయిందండి. నిరుడు మసకగా ఉండేది, ఇప్పుడు పూర్తిగా చీకటే," అన్నాడు.

"ఆ మాట అందరికీ చెప్పరాదా వస్తాదు గారూ? ఈ నింద ఎందుకు మోస్తారు?"

"అమ్ముడుపోయినవాడితో అయినా మళ్ళీ కుస్తీ పడతారండి. గుడ్డివాడితో ఎవరు పడతారు? మీరూ ఎవరితోనూ అనకండి."

వచ్చే నెల పెద్దాపురంలో మళ్ళీ దిగుతాడట. ఆ పక్క నుంచి ఎవడైనా మెడ పట్టుకుంటే? బయటపెడితే అతనికి గోదా ఉండదు. బయటపెట్టకపోతే ప్రాణమే...

ఇందాక భోజనాల దగ్గర అన్నయ్య నవ్వుతూ అడిగాడు. "ఏరా, మీ వస్తాదు ఎంతకి అమ్ముడుపోయాడేంటి?"

"ఏమో అన్నయ్యా," అన్నాను.